బుధవారం మధ్యాహ్నం ఓ.పి. ఎందుకు ఆలస్యమవుతుంది?



ఓ.పి. హాలులో గోడకు తగిలించిన సలహాల పెట్టెలో ఈమధ్య ఒకే విషయం మీద చీటీలు ఎక్కువగా వస్తున్నాయి. బుధవారం మధ్యాహ్నం రెండు నుండి నాలుగు గంటల వరకు చూసేవాళ్ళు సగం మందే ఉంటున్నారనీ, ఉదయం బస్సుకు బయలుదేరి వచ్చినవాళ్ళు చీకటి పడేదాకా కూర్చోవలసి వస్తోందనీ వాటి సారాంశం. ఒకాయన ఇంకాస్త సూటిగా రాశారు: "చదువు పూర్తయిందనే కదా ఉద్యోగం ఇచ్చారు, మళ్ళీ ఈ క్లాసులు ఎందుకు?" న్యాయమైన ప్రశ్నే. ఒకరిద్దరు కాపరులు కూడా ఇదే అడిగారు కాబట్టి ఈ సంచికలో కొంచెం వివరంగానే జవాబు చెప్పదలిచాము.

ఆ రెండు గంటలు ఓ.పి.లో కనిపించనివారు మన ఫిజీషియన్ అసిస్టెంట్లు. పొట్టిగా పి.ఏ.లు అంటాము. మీరు డాక్టరు గారి గదిలోకి వెళ్ళకముందే మీ పక్కన కూర్చొని, జ్వరం ఎప్పటి నుండి, ఇప్పటికే ఏ మాత్రలు వాడారు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగి, బి.పి. చూసి, గుండె, ఊపిరితిత్తులు విని కేసు షీటు రాసేది వీరే. రాత్రి పన్నెండు గంటలకు వార్డులో ఎవరికైనా ఆయాసం వస్తే సిస్టరు పిలవగానే మొదట మంచం దగ్గరికి వచ్చేదీ వీరే. వీరు నర్సులు కారు, పాతకాలపు కాంపౌండర్లు కారు, ఊళ్ళోని ఆర్.ఎం.పి. వంటివారు అంతకన్నా కారు. ఇంటర్‌లో సైన్సు చదివిన తరువాత నాలుగేళ్ళ డిగ్రీ చేసి వస్తారు. అందులో చివరి ఏడాది పూర్తిగా ఆసుపత్రిలో పనే. డాక్టరు పర్యవేక్షణలో పని చేయడానికే ఆ చదువు, సొంతంగా బోర్డు కట్టుకోవడానికి కాదు. మీలో చాలామంది వారిని "చిన్న డాక్టరు గారూ" అని పిలుస్తారు. ప్రేమతోనే పిలుస్తారు, కానీ వాళ్ళే వద్దంటారు. నేను డాక్టరును కాను అని రోగికి స్పష్టంగా చెప్పడం వారు నేర్చుకొనే మొదటి పాఠాల్లో ఒకటి.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళివచ్చిన పెద్దలకు ఈ పేరు కొత్త కాదు. "అక్కడ డాక్టరు రానే లేదు, పి.ఏ. చూసి మందు రాసింది" అని మనతో చెప్పినవారున్నారు. ఈ వృత్తి పుట్టింది అక్కడే. 1965లో ఉత్తర కరోలినా రాష్ట్రంలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ గారు దీనిని మొదలుపెట్టారు. డాక్టర్లు చాలడం లేదు. మరోవైపు నౌకాదళంలో గాయపడినవారికి వైద్యసేవ చేసి, ఎంతో అనుభవం సంపాదించి, బయటికి వచ్చాక ఆ పని దొరకని యువకులున్నారు. అలాంటి నలుగురిని చేర్చుకున్నారు, 1967 అక్టోబరులో ముగ్గురు పట్టా అందుకున్నారు. మన దేశానికి ఈ చదువును తెచ్చింది ఒక క్రైస్తవ మిషన్ సంస్థ అని చెప్పుకోవడం మాకు సంతోషం. చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో 1992లో గుండె శస్త్రచికిత్స నిపుణులు డాక్టర్ కె.ఎం. చెరియన్ గారు దీనికి శ్రీకారం చుట్టారు.

బైబిలు చదివేవారికి ఈ ఏర్పాటు వింతగా తోచకూడదు. నిర్గమకాండము 18వ అధ్యాయంలో మోషే ఒక్కడే ఉదయం నుండి సాయంత్రం దాకా ప్రజల తగవులు వింటూ కూర్చుంటే, మామ యిత్రో చూసి, ఇలాగైతే నువ్వూ నలుగుతావు, వరుసలో నిలబడ్డ ప్రజలూ నలుగుతారని చెప్పాడు. సమర్థులను ఎంచుకో, చిన్న సంగతులు వాళ్ళు చూస్తారు, పెద్దవి నీ దగ్గరికి తెస్తారన్నాడు. మన ఓ.పి. నడిచే పద్ధతి అచ్చంగా అదే. అయితే ఆ సలహాలో ముందు వచ్చే మాటను మనం తరచుగా దాటిపోతాము. మనుషులను ఎంచుకోమనడానికి ముందే, కట్టడలూ నడవవలసిన మార్గమూ ప్రజలకు బోధించమన్నాడు. బోధించకుండా పని అప్పగిస్తే అది భారం పంచుకోవడం కాదు, భారం వదిలించుకోవడం.

పాతబడిపోయే చదువు

ఒకసారి నేర్పితే చాలదా అంటారేమో. వైద్యంలో చాలదు. ఎందుకో మీకు తెలిసిన సంగతులతోనే చెబుతాము.

2010 ప్రాంతంలో టి.బి. మందులు వాడి బాగుపడినవారు మన సంఘాల్లో ఉన్నారు. అప్పుడు ప్రభుత్వ పథకంలో మందులు వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు మింగించేవారు. 2017 నుండి దేశమంతటా ప్రతిరోజూ వేసుకొనే పద్ధతి వచ్చింది. ఎన్ని మాత్రలన్నది మనిషి బరువును బట్టి నిర్ణయిస్తారు. ఇప్పుడు టి.బి. వచ్చిన కోడలికి అత్తగారు తన అనుభవం కొద్దీ "రోజూ ఎందుకమ్మా, మాకు వారానికి మూడుసార్లే ఇచ్చారు" అని చెబితే తప్పు ఆమెది కాదు. 2010లో డిగ్రీ ముగించి అక్కడితో పుస్తకం మూసేసిన పి.ఏ. కూడా అదే మాట చెబితే?

పసిపిల్లల విరేచనాల సంగతి చూడండి. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ఓ.ఆర్.ఎస్. పొడిలో ఉప్పు, గ్లూకోజు పాళ్ళు తగ్గించాలనీ, దానితోపాటు జింక్ మాత్ర 10 నుండి 14 రోజులు ఇవ్వాలనీ సూచించాయి. ఆరు నెలల లోపు బిడ్డకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆ పైబడిన బిడ్డకు 20. విరేచనాలు మూడో రోజుకే తగ్గినా జింక్ మానకూడదు. ఆ మాట తల్లికి ఓపికగా చెప్పవలసింది కేసు షీటు రాసే మనిషే. డాక్టరు గారి గదిలో అంత సమయం దొరకదు.

కరోనా రోజులైతే అందరికీ గుర్తే. కోలుకున్నవారి ప్లాస్మా కోసం 2020లో ఎంత పరుగులు పెట్టాము! దాతల కోసం ఫోన్లు, వాట్సాప్‌లో విన్నపాలు, ప్రార్థనా కూటాల్లో ప్రకటనలు. పరిశోధనల్లో ఉపయోగం కనబడకపోవడంతో 2021 మే నెలలో దానిని కేంద్రం చికిత్స సూచనల నుండి తీసివేశారు. ఏడాది లోపలే మారిపోయిన వైద్యం అది. మిగతావి ఇంత వేగంగా మారవు, కానీ మారతాయి.

పాముకాటు పాఠం

ఈ వానాకాలం మొదట్లో జరిగిన ఒక బుధవారం క్లాసు గురించి చెబితే విషయం ఇంకా బాగా తెలుస్తుంది. 2020లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే ఏటా 58 వేల మంది. ఆ మరణాల్లో సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే. ఎక్కువ మరణాలు జరిగిన ఎనిమిది రాష్ట్రాల్లో, తెలంగాణ కలిసి ఉన్న లెక్కలో, ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. నాట్లు వేసే కాలం, కలుపు తీసే కాలం, మన పేషెంట్లు పొలాల్లో ఉండే కాలం అది.

ఆ రోజు డ్యూటీ డాక్టరు గారు ఉపన్యాసం చెప్పలేదు. బల్ల మీద మూడు ట్యూబులు పెట్టారు. ఒకటి పెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్త గాజు టెస్ట్ ట్యూబు, ఒకటి సబ్బు పొడితో కడిగి ఆరబెట్టిన గాజు ట్యూబు, మూడోది ప్లాస్టిక్‌ది. ఒక స్టాఫు అబ్బాయి చెయ్యి చాపితే రక్తం తీసి మూడింట్లో రెండేసి మిల్లీలీటర్లు పోసి, కదపకుండా 20 నిమిషాలు వదిలేశారు. ఆ పిల్లవాడు ఆరోగ్యవంతుడు, ఏ పామూ కరవలేదు. సమయం కాగానే ఒక్కొక్కటి వంచి చూపించారు. కొత్త గాజు ట్యూబులో రక్తం గడ్డకట్టి అలాగే నిలిచింది. మిగతా రెండింట్లో రక్తం ఇంకా కారుతూనే ఉంది.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే రక్తపింజర కరిస్తే రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. అది పోయిందో లేదో తెలుసుకొనే పరీక్ష ఇదే. ఖరీదైన యంత్రం అక్కరలేదు, ఒక గాజు ట్యూబు, ఒక గడియారం చాలు. కానీ ఆ ట్యూబు కొత్తదై, శుభ్రంగా, పొడిగా ఉండాలి. గాజు తగిలితేనే రక్తం గడ్డకట్టడం మొదలవుతుంది. ప్లాస్టిక్‌లో ఆ పని సరిగా జరగదు, సబ్బు అంటిన గాజులోనూ జరగదు. ట్యూబు సరైనది కాకపోతే విషం ఎక్కని మనిషికి కూడా విషం ఎక్కిందని తేలుతుంది. అతనికి అవసరం లేని విరుగుడు మందు ఎక్కిస్తారు. ఆ మందు గుర్రం రక్తం నుండి తయారవుతుంది, కొందరికి అది పడక ఒళ్ళంతా దద్దుర్లు లేచి బి.పి. పడిపోతుంది. నాలుగేళ్ళ డిగ్రీలో ఈ పరీక్ష పేరు అందరూ చదివారు. సబ్బు సంగతి మాత్రం కంటితో చూసినప్పుడే మనసులో నాటింది.

ఆ క్లాసులో ఇంకా కొన్ని పాత పాఠాలు దిద్దుకున్నారు. విరుగుడు మందు పడుతుందో లేదో చూడడానికి ముందుగా చర్మం కింద కొంచెం ఇచ్చి చూసే అలవాటు చాలాచోట్ల ఉండేది. అది ఏమీ తేల్చదు, విలువైన సమయం మాత్రం తింటుంది. కాబట్టి అది మాని, అడ్రినలిన్ ఇంజెక్షను సిద్ధంగా పెట్టుకొని మందు మొదలుపెట్టమంటారు. పిల్లలకు తక్కువ మోతాదు ఇవ్వాలనుకోవడం మరో పొరపాటు. పాము పెద్దవాడినీ, పిల్లవాడినీ ఒకే విషంతో కరుస్తుంది, ఆ విషాన్ని విరచడానికి ఇద్దరికీ ఒకే మోతాదు కావాలి. ఇక కట్లపాము. రాత్రి నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూనో, కనురెప్పలు వాలిపోతున్నాయంటూనో వస్తారు. అలా వచ్చిన మనిషిని చూసి "నిద్ర చాలలేదేమో" అనుకుంటే ఆ తరువాత ఊపిరి ఆగుతుంది. పైకి చూడమని అడగాలి, ఒక్క ఊపిరిలో ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలరో చూడాలి, మళ్ళీ మళ్ళీ చూడాలి. తెల్లవారుజామున ఆ మనిషిని మొదట చూసేది పి.ఏ.

ఇంత చెప్పాము కాబట్టి మీకూ ఒక మాట. పాము కరిస్తే తాడుతో బిగించి కట్టకండి, గాటు పెట్టకండి, నోటితో పీల్చకండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వెంటనే తీసెయ్యండి, వాపు వచ్చాక రావు. కరిచిన చెయ్యి లేదా కాలు కదలకుండా ఉంచి 108కి ఫోను చేయండి. పామును వెతికి చంపి సంచిలో తేవలసిన పని లేదు. చచ్చిందనుకున్న పాము కూడా కరవగలదు.

బొమ్మతో చెమటలు

మూడు నెలలకు ఒకసారి క్లాసులో బొమ్మను దింపుతాము. ఆగిపోయిన గుండెను ఛాతీ మీద నొక్కి ఆడించే సాధన అది. 2010కి ముందు నేర్చుకున్నవారికి ముందు గొంతు దారి, తరువాత శ్వాస, ఆ తరువాత గుండె అని వరుస చెప్పేవారు. 2010లో ఆ వరుస మార్చి ముందు ఛాతీ నొక్కడమే మొదలుపెట్టమన్నారు. పెద్దవారికైతే నిమిషానికి 100 నుండి 120 సార్లు, ప్రతిసారీ కనీసం 5 సెంటీమీటర్లు, 6 దాటకుండా, నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. చెప్పడానికి తేలిక. రెండు నిమిషాలు చేస్తే చొక్కా తడిసిపోతుంది. సర్టిఫికెట్టు రెండేళ్ళ వరకు చెల్లుతుంది గానీ, సాధన లేకపోతే చేతులు కొద్ది నెలల్లోనే మరిచిపోతాయి. బొమ్మలో సరిగా నొక్కితే టిక్కుమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు ఎవరికి రావడం లేదో గదిలో అందరికీ వినబడుతుంది కాబట్టి మా పిల్లలకు ఈ క్లాసంటే కొంచెం భయమే.

గంటల లెక్క ఒకటి, నేర్చుకోవడం ఒకటి

అమెరికాలో సర్టిఫికెట్టు నిలుపుకోవాలంటే పి.ఏ. రెండేళ్ళకు 100 గంటల కొనసాగింపు విద్య చూపించాలి. అందులో కనీసం 50 గంటలు గుర్తింపు పొందిన కార్యక్రమాలై ఉండాలి. దానితోపాటు పదేళ్ళకు ఒకసారి తిరిగి పరీక్షకు నిలబడాలి. మన దేశంలో డాక్టర్లకు 2002 నాటి నీతి నియమావళి ఐదేళ్ళలో కనీసం 30 గంటలు అని చెప్పింది. పి.ఏ.ల విషయం వేరు. 1992 నుండి 2021 దాకా వారికి దేశం మొత్తానికి చట్టబద్ధమైన మండలి అంటూ లేదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో వారి పేరు చేరింది. దాదాపు ముప్పై ఏళ్ళపాటు పి.ఏ. చదువు కొనసాగిందా లేదా అన్నది పని ఇచ్చిన ఆసుపత్రి మనస్సాక్షికే వదిలేశారన్న మాట. పై నుండి ఎవరో అడిగే వరకు ఆగడం మిషన్ ఆసుపత్రికి తగదని మా అభిప్రాయం.

గంటలు నిండినంత మాత్రాన నేర్చుకున్నట్టు కాదని కూడా చెప్పాలి. చల్లని హాలులో వరుసగా ఉపన్యాసాలు విని, భోజనం చేసి, సంచి, సర్టిఫికెట్టు పట్టుకొని వచ్చే సమావేశాలు అందరమూ చూశాము. 1999లో పరిశోధకులు జామా పత్రికలో ప్రచురించిన సమీక్షలో, కేవలం ఉపన్యాసం వినడం వల్ల డాక్టర్లు పనిచేసే తీరు మారినట్టు కనబడలేదనీ, చర్చ, సాధన ఉన్న తరగతుల వల్ల మారుతుందనీ తేల్చారు. అందుకే మన బుధవారం క్లాసులో ఒక్కొక్క పి.ఏ. తనకు అర్థంకాని ఒక కేసు, రోగి పేరు తీసేసి, తీసుకొని రావాలి. మిగతావారు ప్రశ్నలు వేస్తారు, డాక్టరు గారు చివరన మాట్లాడతారు. నెల తరువాత పది కేసు షీట్లు చీటీ వేసి తీసి, నేర్చుకున్నది షీటులో కనబడుతోందా అని చూస్తాము. విరేచనాల బిడ్డకు జింక్ రాశారా? పాముకాటు షీటులో 20 నిమిషాల పరీక్ష ఎన్ని గంటలకు చేశారో సమయం వేశారా? గుర్తులు, మార్కులు లేవు, కానీ ఎవరూ తప్పించుకోలేరు.

ఆసుపత్రి కమిటీలో దీని మీద వాదన జరగకపోలేదు. మనం నేర్పిస్తే రెండేళ్ళు తిరగకముందే హైదరాబాదుకో, గల్ఫుకో వెళ్ళిపోతున్నారు, ఖర్చు మనది, లాభం ఇంకొకరిది అని ఒక పెద్దాయన అన్నారు. అబద్ధం కాదు, వెళ్ళినవాళ్ళున్నారు. వెళ్ళిన చోట కూడా మంచాల మీద ఉండేది రోగులే కదా అని కాపరి గారు అన్నారు. ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు గానీ, చర్చ అక్కడితో తెగలేదు. జీతాల సంగతి వేరే ఉంది, దానికి డబ్బు కావాలి, మరో సంచికలో రాస్తాము.

ఇక మీ బుధవారం గురించి. ఈ నెల నుండి ఆ రోజు ఓ.పి. చీటీలు మధ్యాహ్నం పన్నెండు గంటలకే ఆపి, దూరపు ఊళ్ళవారిని రెండు లోపు చూసి పంపే ఏర్పాటు చేశాము. ఊరి పేరు కౌంటరులో చెప్పండి. బి.పి., షుగరు మందులు తిరిగి రాయించుకోవడానికి మాత్రమే వచ్చేవారు వేరే రోజు ఎంచుకుంటే మేలు. ఆయాసం, ఛాతీనొప్పి, పాముకాటు, కాన్పు నొప్పులు వంటి అత్యవసరాలకు క్లాసు అడ్డు కాదు. క్యాజువాలిటీలో ఒక డాక్టరు, ఒక పి.ఏ. ఎప్పుడూ ఉంటారు, ఆ పి.ఏ.కు ఆ పాఠం గురువారం విడిగా చెబుతాము. ఎప్పుడు వచ్చినా పాత చీటీలు, మాత్రల అట్టలు వెంట తెచ్చుకోండి. మిమ్మల్ని చూస్తున్నది డాక్టరా, పి.ఏ.నా అని అడగడానికి మొహమాటపడకండి.

వచ్చే నెల మొదటి బుధవారం క్లాసు విషయం షుగరు రోగుల పాదాలు. సన్నని నైలాన్ దారం పాదానికి ఆనించి స్పర్శ ఉందో లేదో చూడడం, గోరు పక్కన పగుళ్ళు, వేళ్ళ సందుల్లో పుండ్లు గుర్తించడం నేర్పుతారు. దీనికి పుస్తకంలో బొమ్మలు చాలవు, నిజమైన పాదాలు కావాలి. ఐదేళ్ళకు పైగా షుగరు ఉండి, ఒక గంట కూర్చోవడానికి ఇష్టపడేవారు నలుగురు ఓ.పి. కౌంటరులో పేరు ఇవ్వండి. ఆ రోజు వారికి చీటీ రుసుము ఉండదు, పాదాలను డాక్టరు గారే స్వయంగా పరీక్షించి చెబుతారు. టీ, బిస్కట్లు స్త్రీల సమాజం వారు ఇస్తామన్నారు, షుగరు లేకుండానే.